రుడాల్ఫ్ డీజిల్

తెలుగునాట పల్లెలకు విద్యుచ్ఛక్తి రాకపూర్వము రైతులు ఎడ్లచేత మోటలు తోలించి బావులనుండి నీరు తోడుచుండెడివారు. కాలక్రమమున మోటల స్థానమున ఆయిలింజనులు వచ్చెను. వాని టకటక ధ్వని పొలమునుండి ఊరిలోనికి వినవచ్చుచుండెను. ఆ నీటితో వరి, మిరప, వేరుశనగ మొదలగు పైరులు పండెను. ఇంజనులో పోయు నూనెను అందఱును డీజిలు అని పిలిచిరి. నేటికిని లారీలు, ట్రాక్టర్లు, ఓడలు అనేకము ఆ నూనెతోనే నడచుచున్నవి. అయితే డీజిలు అనునది ఒక మనుష్యుని యింటిపేరని ఎఱిగినవారు కొలదిమంది. ఆ మనుష్యుని యింజను ఒకప్పుడు వేరుశనగనూనెతో నడచినదని ఎఱిగినవారు ఇంకను తక్కువ.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరములో జన్మించెను. ఆయన తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతమువారు. బ్రదుకుతెఱవు వెదకికొనుచు ఫ్రాన్సు దేశమునకు వచ్చిరి. తండ్రి థియొడోర్ పుస్తకములకు అట్టలు కట్టు విద్య నేర్చినవాడు. పారిస్‌లో తోలు సామానులు చేసి అమ్ముచుండెను. తల్లి పేరు ఎలీజ్. ముగ్గురు బిడ్డలలో రుడాల్ఫ్ రెండవవాడు. ఆ యింటి సంపాదన చాలీచాలనిది. బాలుడు పనిలో తండ్రికి తోడ్పడుచు, తయారైన సరకును తోపుడుబండిలో పెట్టుకొని కొనువారి యిండ్లకు చేర్చి వచ్చుచుండెను. తీరిక చిక్కినప్పుడు నగరములోని యంత్రముల ప్రదర్శనశాలకు పోయి, అచటి పాత ఆవిరిబండి ముందు నిలిచి దాని భాగములను కాగితముపై గీయుచుండెను. చిన్న పనివాని కష్టమెట్టిదో, పెద్ద యంత్రము సొగసెట్టిదో ఆ బాలునికి ఒక్కమాఱే తెలిసెను.

1870వ సంవత్సరమున ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చెను. పారిస్‌లోని జర్మనులు ఊరు విడువవలసి వచ్చెను. డీజిల్ కుటుంబము ఉన్న కొలది సామాను మూటగట్టుకొని లండను నగరము చేరెను. అచట పని దొరకుట దుర్లభమాయెను. అందఱకును అన్నము పెట్టలేక తల్లిదండ్రులు పండ్రెండేండ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణమునకు, బంధువుల యింటికి పంపిరి. ఆ యింటి యజమాని బార్నికెల్ గణితశాస్త్రోపాధ్యాయుడు. ఆయన రుడాల్ఫ్‌ను సొంత బిడ్డవలె చూచుకొనుచు తాను పనిచేయు వృత్తివిద్యాలయములోనే చేర్పించెను. కన్నవారు దూరముగ నుండిరను దిగులును బాలుడు చదువులో మఱచెను. పదునాలుగవ యేట తాను ఇంజనీరు కాదలచితినని తల్లిదండ్రులకు జాబు వ్రాసెను. మఱుసటి యేడు పరీక్షలో తరగతి కంతటికిని మొదటివాడుగ నిలిచెను.

ఆ పాఠశాలలో ఒక చిన్న పరికరముండెడిదని చెప్పుదురు. అది ఒక గాజుగొట్టము. అందులో బిరడావలె బిగువుగ అమరిన కాడ యొకటి కలదు. గొట్టము అడుగున చిటికెడు దూది పెట్టి కాడను ఒక్క పెట్టున లోనికి నొక్కినచో, లోపలి గాలి కుంచించుకొని వేడెక్కి, అగ్గిపుల్ల లేకయే దూది అంటుకొనును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపుగొట్టము వేడెక్కుట అందఱును ఎఱిగినదే. ఆ విషయమే ఇచట నిప్పు రాజేయునంత బలముగ కనబడుచుండెను.

1875వ సంవత్సరమున రుడాల్ఫ్‌నకు మ్యూనిక్ నగరములోని ఉన్నత సాంకేతిక విద్యాలయమున విద్యార్థివేతనము లభించెను. అచట కార్ల్ లిండే అను పండితుడు ఉష్ణయంత్రములనుగూర్చి బోధించుచుండెను. ఒకనాడు లిండే ఆవిరియంత్రము యొక్క లెక్క చెప్పెను. బొగ్గు కాలి పుట్టు వేడిలో నూటికి ఆరు మొదలు పది పాళ్ళు మాత్రమే పనిగా మాఱును. తక్కిన తొంబది పాళ్ళును పొగగొట్టమునుండియు, చల్లార్చు నీటిలోను వృథాగ పోవును. ఆ కాలమున ఆవిరియంత్రము మానవుని ఘనతకు గుఱుతుగా భావింపబడుచుండెను. రైళ్ళు, ఓడలు, నూలు మిల్లులు అన్నియు దానిచేతనే నడచుచుండెను. అట్టి యంత్రము తాను తినిన దానిలో పదవవంతు మాత్రమే పని చేయునని విని రుడాల్ఫ్ నిర్ఘాంతపోయెను. వేడిని ఇంతకంటె పొదుపుగ వాడు మార్గము వెదకవలెనని తన పుస్తకపు అంచున వ్రాసికొనెను. ఆ నాలుగు మాటలే ఆయన జీవితమునకు దారి చూపెను.

1879వ సంవత్సరమున పరీక్షాసమయమునకు ఆయన టైఫాయిడు జ్వరముతో మంచము పట్టెను. మఱియొక పరీక్ష జరుగువఱకు స్విట్జర్లాండులోని విన్టర్‌టూర్ పట్టణమున సుల్జర్ సోదరుల కార్మాగారములో చేతిపని నేర్చుకొనెను. 1880వ సంవత్సరమున అత్యున్నతశ్రేణిలో పట్టము పొందెను. లిండే ఆయనను పారిస్‌లో మంచుగడ్డలు తయారుచేయు కార్మాగారమున నియమించెను. ఏడాది తిరుగకమున్నే దానికి నిర్వాహకుని చేసెను. 1883వ సంవత్సరమున మార్తా ఫ్లాషె అను యువతిని వివాహమాడెను. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి.

మంచి యుద్యోగము, చక్కని సంసారము ఉండెను. అయినను పుస్తకపు అంచున వ్రాసికొనిన మాట ఆయనను విడువలేదు. పగలు మంచుయంత్రముల పని చేసి, మిగిలిన వేళ క్రొత్త యింజనునుగూర్చి ఆలోచించుచుండెను. నీటియావిరికి బదులు అమోనియా ఆవిరితో యంత్రము నడపుటకు ఏండ్ల తరబడి ప్రయత్నించి విఫలుడాయెను. ఆ వైఫల్యమునుండియే మఱియొక ఊహ పుట్టెను. బొగ్గును బయట కాల్చి నీటిని మరగించుట యెందులకు? గాలినే యంత్రములోపల మిక్కిలిగా అదిమి వేడెక్కించి, ఆ వేడిగాలిలో ఇంధనమును కొంచెము కొంచెముగ వదలినచో అది తనంతట తానే మండును. మంట పుట్టిన చోటనే పని జరుగును. నిప్పురవ్వ అక్కఱలేదు, పెద్ద బాయిలరు అక్కఱలేదు.

ఈ యింజనునుగూర్చి డీజిల్‌కు మఱియొక ఆశయము కూడ ఉండెను. ఆవిరియంత్రము చిన్నదైనచో వేడిని మఱింత వృథా చేయును; పెద్దదైనచో చాల సొమ్ము కావలెను. అందువలన ధనవంతుల మిల్లులు పెరుగుచు, నేతగాండ్రు, వడ్రంగులు, తోలుపనివారు మొదలగు చిన్న వృత్తులవారు దెబ్బతినుచుండిరి. చిన్నదైనను పొదుపుగ నడచు ఇంజను వచ్చినచో ప్రతి పనివాని పాకలోను దానిని అమర్చవచ్చును. తోలు సామాను బండిపై త్రోసికొని పోయిన బాల్యమును ఆయన మఱవలేదు.

1892వ సంవత్సరము ఫిబ్రవరిలో డీజిల్ తన యూహకు పేటెంటు హక్కు కోరెను. మఱుసటి యేడు ఫిబ్రవరిలో అది లభించెను. ఆ యేడే తన సిద్ధాంతమును పుస్తకముగ ప్రకటించెను. కొందఱు మెచ్చిరి. గాలిని అంతగా అదిమినచో ఏ యినుమును తాళదని మఱికొందఱు ఆక్షేపించిరి. ఆగ్స్‌బర్గ్ యంత్రశాల అధికారియైన హైన్రిక్ బూజ్ మాత్రము సాహసించి తన కార్మాగారములో ప్రయోగములకు చోటిచ్చెను. క్రుప్ సంస్థ కూడ ధనసహాయము చేసెను.

1893వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మొదటి పరీక్ష జరిగెను. సిలిండరులోని పిస్టను గాలిని అదిమెను. ఇంధనము లోనికి చిమ్మెను. వెంటనే పిడుగువంటి మ్రోతతో ఒత్తిడిని కొలుచు పరికరము పగిలి దాని ముక్కలు గాలిలోనికి ఎగిరెను. దగ్గఱ నున్నవారు త్రుటిలో ప్రమాదము తప్పించుకొనిరి. ఇంజను తనంతట తాను నడువలేదు. కాని డీజిల్ నిరాశ చెందలేదు. నిప్పురవ్వ లేకయే ఇంధనము మండినది. ఆయనకు కావలసిన రుజువు అదియే.

యంత్రమును విప్పి తిరిగి కట్టుచు మాసములు గడచెను. 1894వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన బయటినుండి పటకాతో ఇంజనును త్రిప్పుచుండగా ఒక పనివాడు ఆ పటకాలో మార్పు గమనించెను. అంతవఱకు పటకా ఇంజనును లాగుచుండెను. ఇప్పుడు ఇంజనే పటకాను లాగుచుండెను. ఆ పనివాడు నోట మాట లేక తలపైని టోపీ తీసి నిలిచెనట. ఇంజను తన శక్తితో తిరిగినది ఒక్క నిమిషము. ఆ నిమిషములో ఎనుబదియెనిమిది చుట్లు. అటుపిమ్మట దానిని నమ్మదగిన యంత్రముగ చేయుటకు మఱి మూడేండ్లు పట్టెను.

1897వ సంవత్సరము ఫిబ్రవరిలో మ్యూనిక్ విద్యాలయమునుండి ష్రోటర్ అను ఆచార్యుడు వచ్చి ఇంజనును స్వయముగ పరీక్షించెను. అది ఎంత కిరసనాయిలు త్రాగినది, ఎంత పని చేసినది అని కొలిచి లెక్క కట్టెను. నూటికి ఇరువదియాఱు పాళ్ళకు పైగా వేడి పనిగా మాఱినట్లు తేలెను. విద్యార్థిగా లిండే పాఠము విని కలత చెందిన నాటినుండి సుమారు ఇరువదియేండ్లకు డీజిల్ ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగెను.

కీర్తి, ధనము ఒక్కసారిగ వచ్చిపడెను. అనేక దేశముల సంస్థలు ఇంజను చేయు హక్కును కొనెను. అమెరికాలో ఆ హక్కునకు అడాల్ఫస్ బుష్ అను ధనికుడు పది లక్షల మార్కులు చెల్లించెను. కాని ప్రయోగశాలలో నిపుణుల చేతిలో చక్కగ నడచిన యంత్రము బయట మొండికెత్తెను. 1898వ సంవత్సరమున కెంప్టెన్ పట్టణములోని అగ్గిపెట్టెల కార్మాగారమున ఒక ఇంజనును నెలకొల్పిరి. అగ్గిపుల్ల అక్కఱలేని ఇంజను అగ్గిపుల్లలు చేయు చోటికి చేరుట వింతయే. అది మాటిమాటికి చెడిపోవుచు కొన్నవారిని విసిగించెను. ఇతర శాస్త్రజ్ఞులు కొందఱు ఈ యూహ తమదేయని వాదమునకు దిగిరి. పనిభారముచేతను వివాదములచేతను డీజిల్ ఆరోగ్యము చెడెను. కొంతకాలము వైద్యశాలలో విశ్రమింపవలసి వచ్చెను. అంతట ఇంజనీర్లు ఒక్కొక్క లోపమును సవరింపగా ఇంజను క్రమముగ స్థిరపడెను.

1900వ సంవత్సరమున పారిస్‌లో ప్రపంచ ప్రదర్శనము జరిగెను. ముప్పదియేండ్ల క్రిందట యుద్ధభయముతో విడిచిన నగరమునకు డీజిల్ కీర్తిమంతుడై వచ్చెను. ఆయన యింజనునకు అత్యున్నత బహుమానము లభించెను. ఆ ప్రదర్శనములో ఓటో సంస్థ ఒక చిన్న డీజిల్ ఇంజనును నడపి చూపెను. చూచువారు దానిని గూడ తక్కినవానివలె రాతినూనెతో నడచుచున్నదనియే తలచిరి. నిజమునకు అందులో పోసినది వేరుశనగనూనె. రాతినూనె కొఱకు చేసిన ఇంజనులో ఏ భాగమును మార్చకయే ఆ నూనె పోసిరి. ఇంజను ఏ మాత్రము తేడా లేక నడచెను. కొలదిమంది మాత్రమే ఆ సంగతి గ్రహించిరి.

ఈ ప్రయత్నము ఫ్రెంచి ప్రభుత్వము కోరికపై జరిగినది. ఆఫ్రికాలో ఫ్రెంచివారి యేలుబడిలోని ప్రాంతములలో వేరుశనగ విరివిగ పండుచుండెను. అచటికి బొగ్గును రాతినూనెను ఓడలలో చేరవేయుటకంటె, పండిన గింజనే పిండి ఇంజను నడుపుట లాభమని వారి తలంపు. అది పాలకుల లెక్క. డీజిల్ మాత్రము దీనిని విస్తారమైన దృష్టితో చూచెను. తానును ఈ ప్రయోగములు చేసెను. రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ నగరములో ఆముదముతో ఇంజను నడపి చూచిరని తెలిసికొని సంతోషించెను.

1912వ సంవత్సరమున లండనులో ఇంజనీర్ల సభయందు చదివిన వ్యాసములో ఆయన తన యభిప్రాయమును వెల్లడించెను. గింజల నూనెలు నాటికి అల్పముగ కనబడినను, కాలక్రమమున రాతినూనెవలె ముఖ్యమైనవి కావచ్చునని తెలిపెను. భూగర్భములోని బొగ్గు, నూనె నిల్వలు ఒకనాడు తఱిగిపోయినను, సూర్యుని వేడిమి ఉన్నంతకాలము పైరు పండును. పైరు పండినంతకాలము యంత్రము నడపుటకు శక్తి దొరకును. ఇది ఆయన వాదసారము. నూనెగనులు లేని దేశము కూడ తన పొలమునుండి తనకు కావలసిన శక్తిని తెచ్చుకొనవచ్చునని దీని భావము.

ఆ మాటను ఆచరణలో పెట్టినవారు అరుదు. కారణము ధర. భూమినుండి ఉబికి వచ్చు రాతినూనె చౌక. దున్ని, విత్తి, కోసి, గానుగాడి తీసిన నూనె ప్రియము. అదియుగాక గింజల నూనె చిక్కనిది. ఎక్కువకాలము వాడినచో ఇంజనులోని సన్నని రంధ్రములలో మడ్డి పేరుకొనును. తరువాతివారు ఇంజనును పలుచని రాతినూనెకు తగినట్లుగ మలచిరి. క్రమముగ ఆ నూనెకే డీజిల్ పేరు స్థిరపడెను. ఇంజనును ఏ నూనెతోనైనను నడుపవచ్చునని తలచినవాని పేరు ఒక్క నూనెకు కట్టుబడిపోయెను.

ఆయన రెండవ ఆశయము కూడ తలక్రిందులాయెను. చిన్న పనివాని పాక కొఱకు తలపెట్టిన ఇంజను నానాటికి పెద్దదాయెను. 1912వ సంవత్సరమున డెన్మార్కులో కట్టిన సెలాండియా అను మహానౌక డీజిల్ ఇంజనులతో కోపన్‌హేగనునుండి బాంకాకు వఱకు సముద్రయానము చేసెను. నౌకాదళములు జలాంతర్గాములలో ఆ యింజనులను అమర్చుకొనెను. శ్రామికులు కూడి తమ పరిశ్రమలకు తామే యజమానులు కావలెనని బోధించుచు డీజిల్ 1903వ సంవత్సరమున ఒక పుస్తకము వ్రాసెను. దానిని కొనినవారు స్వల్పము.

లెక్కలలో అంత నిపుణుడైన డీజిల్ తన సొంత ధనము లెక్కలో జాగరూకుడు కాలేదు. మ్యూనిక్‌లో గొప్ప భవనము కట్టించెను. భూముల క్రయవిక్రయములలో నష్టపోయెను. పేటెంటు వ్యాజ్యములు సొమ్మును హరించెను. పైకి ధనవంతునివలె కనబడుచు లోలోపల అప్పులలో మునిగెను. 1913వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అను ఓడ ఎక్కి ఇంగ్లండునకు బయలుదేరెను. రాత్రి మిత్రులతో భోజనము చేసి, ఉదయము ఆరుంబావునకు లేపుమని చెప్పి తన గదికి పోయెను. ఉదయము చూడగా పఱపు నలుగలేదు, మనుష్యుడు లేడు. పదిదినములు దాటిన పిమ్మట ఒక డచ్చి నావవారికి సముద్రములో ఒక శవము కనబడెను. దాని దుస్తులలోని వస్తువులు తన తండ్రివేయని కుమారుడు యూజిన్ గుర్తించెను. అప్పటికి డీజిల్ వయస్సు ఏబదియైదేండ్లు. ఆయన మరణము ఎట్లు సంభవించినదో నేటికిని నిశ్చయముగ తేలలేదు.

ఆయన మరణించినను గింజల నూనెను గూర్చిన ఆలోచన పూర్తిగ నశింపలేదు. 1937వ సంవత్సరమున బెల్జియము దేశములో షావాన్ అను శాస్త్రజ్ఞుడు తాటిజాతికి చెందిన పామాయిలును ఆల్కహాలుతో కలిపి మార్పుచేసి పలుచని ఇంధనము తీయు విధమునకు పేటెంటు పొందెను. మఱుసటి యేడు బ్రస్సెల్స్, లువెన్ పట్టణముల నడుమ ఒక బస్సును దానితో నడపిరి. చిక్కదనమను లోపము ఇట్లు తొలగెను. ఇట్టి ఇంధనమునకే తరువాత బయోడీజిలు అను పేరు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున రాతినూనె దొరకని కొన్ని దేశములు గింజల నూనెలను ఆశ్రయించెను. యుద్ధము ముగిసి రాతినూనె చౌకగ రాగానే అందఱును వానిని విడిచిరి.

1973వ సంవత్సరమున రాతినూనె ధర ఆకస్మికముగ పెరిగి ప్రపంచమును కలవరపెట్టెను. అప్పుడు డీజిల్ మాట మరల స్ఫురణకు వచ్చెను. కాని క్రొత్త చిక్కు ఎదురాయెను. వేరుశనగ, సోయా, ఆవాలు మనుష్యుల యాహారము. వానిని ఇంజనులకు పోసినచో వంటింటికి ఏమి మిగులును? ఆహారము పండు నేలను ఆక్రమింపక నూనె నిచ్చునది ఏదియైన కలదా యని శాస్త్రజ్ఞులు వెదకిరి. వారి చూపు చెఱువు మీది పచ్చని నాచుపై పడెను.

నాచులో కంటికి కనబడని సూక్ష్మజాతులు వేలకొలది కలవు. అవి మొక్కలవలెనే సూర్యకాంతిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి పెరుగును. అనుకూల పరిస్థితులలో ఒక్క దినములోనే రెట్టింపు కాగల జాతులు కలవు. కొన్నిటి ఎండు బరువులో మూడవవంతును మించి నూనె యుండును. వానికి సారవంతమైన నేల అక్కఱలేదు, ఉప్పునీరైనను చాలును. ఒక విశేషము గమనింపదగినది. భూగర్భమునుండి నేడు తీయుచున్న రాతినూనెలో అధికభాగము కోట్ల యేండ్ల క్రిందట సముద్రములలో బ్రదికిన ఇట్టి నాచు మొదలగు సూక్ష్మజీవులనుండి పుట్టినదే. అవి అడుగునకు దిగి, ఒండ్రు క్రింద కప్పబడి, వేడిచేతను ఒత్తిడిచేతను నూనెగ మాఱెను. ప్రకృతి కోట్ల యేండ్లలో చేసిన పనిని మానవుడు కొన్ని దినములలో చేయదలచెను.

1978వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము ఈ పరిశోధనకు పూనుకొనెను. శాస్త్రజ్ఞులు దేశము నలుమూలలనుండి సుమారు మూడువేల రకముల నాచును సేకరించిరి. పరీక్షించి వానిలో సుమారు మూడువందల రకములను ఎన్నుకొనిరి. న్యూ మెక్సికో రాష్ట్రములోని రాస్వెల్ అను చోట ఎడారి నేలపై లోతులేని మడుగులు త్రవ్వి, నీటిని చక్రములతో త్రిప్పుచు నాచును పెంచిరి. నాచు పెరిగెను. కాని ఎడారి రాత్రుల చలికి దాని వేగము తగ్గెను. ఏరి తెచ్చిన జాతిని త్రోసివేసి, గాలితో వచ్చిన అడవిజాతులు మడుగులను ఆక్రమించెను. పదునెనిమిదేండ్ల పిమ్మట, 1996వ సంవత్సరమున ఆ పరిశోధన నిలిచిపోయెను. నాచునుండి నూనె వచ్చునని రుజువాయెను. రాతినూనెతో ధరలో పోటీపడలేదని కూడ రుజువాయెను.

ఇచట డీజిల్ తన పుస్తకపు అంచున వ్రాసికొనిన లెక్కయే మరల ఎదురుపడుచున్నది. మడుగులోని ఒక లీటరు నీటిలో ఎండిన నాచు ఒక గ్రామైనను లభించుట అరుదు. ఆ కొంచెమును నీటినుండి వేఱుచేయవలెను, ఎండబెట్టవలెను, నూనె పిండవలెను, ఆ నూనెను పలుచని ఇంధనముగ మార్చవలెను. నీటిని త్రిప్పుటకును శక్తి కావలెను. నాచునకు ఎరువును వేయవలెను. ఈ పనులన్నిటికిని వ్యయమైన శక్తి, కడపట లభించిన నూనెలోని శక్తికంటె తక్కువగ ఉండవలెను. లేనిచో అది రూపాయి పెట్టి ముప్పావలా తెచ్చుకొను వ్యాపారము వంటిదే. ఎంత పోసితిమి, ఎంత పొందితిమి అను ప్రశ్న ఆవిరియంత్రమునకు ఎట్టిదో నాచునకును అట్టిదే.

అయినను ప్రయత్నము ఆగలేదు. 2009వ సంవత్సరము జనవరి 7వ తేదీన అమెరికాలోని హ్యూస్టను నగరమున నాచునుండియు, అడవి ఆముదపు గింజలనుండియు తీసిన నూనెను మామూలు ఇంధనముతో కలిపి ఒక విమానమును ఎగురవేసి చూచిరి. విమానము క్షేమముగ దిగెను. తరువాతి కాలమున కొన్ని పెద్ద సంస్థలు ఖర్చు భరింపలేక ఈ పనిని మానుకొనెను. విశ్వవిద్యాలయములలోను ప్రయోగశాలలలోను పరిశోధన సాగుచునే యున్నది. తక్కువ శక్తితో నాచును వడకట్టు విధము, ఎండబెట్టకయే తడినాచునుండి నూనె తీయు విధము వారు వెదకుచున్నారు. మురికినీటిలో నాచును పెంచినచో ఎరువు ఖర్చు తగ్గి నీరును శుభ్రపడునని చూపినవారును కలరు.

భారతదేశములో ఏటేట ఆగస్టు 10వ తేదీని జీవ ఇంధన దినముగ పాటించుచున్నారు. అది ఆగ్స్‌బర్గ్ కార్మాగారములో డీజిల్ మొదటి పరీక్ష జరిపిన దినము. నాడు ఇంజనులో వేరుశనగనూనె పోసిరని కొందఱు చెప్పుదురు గాని అది నిజము కాదు. నాటి యింధనము రాతినూనెనుండి తీసినదే. వేరుశనగనూనె ఇంజనులో మండినది ఏడేండ్ల తరువాత, పారిస్‌లో.

డీజిల్ ధనికుడై ధనమును పోగొట్టుకొనెను. చిన్నవారి కొఱకు చేసిన యంత్రము పెద్దవారి చేతికి పోవుట చూచెను. పైరునుండి శక్తి పుట్టునని చెప్పి, అది నెఱవేరకమున్నే గతించెను. కాని ఒక విద్యార్థి తరగతిలో విన్న లెక్కను విని ఊరకుండక, వృథాయగు తొంబది పాళ్ళనుగూర్చి దుఃఖించి, ఆ దుఃఖమును పనిగా మార్చినందువలన ప్రపంచమునకు ఒక గొప్ప యంత్రము లభించెను. అట్లే నేడు పచ్చని మడుగుల ఒడ్డున కూర్చుండి నాచు బరువును తూచుచున్నవారును ఆ లెక్కనే వేయుచున్నారు. అది ఇంకను సరిపోలేదు. సరిపెట్టగలవాడు ఏ పాఠశాలలో, ఏ పుస్తకపు అంచున ఏమి వ్రాసికొనుచున్నాడో కాలమే చెప్పవలెను.